కనకరత్నం ముప్పయ్యో సీటు

లోకంలో ఏది తక్కువైనా దాని ముందు ఒక వరస పుడుతుంది. గోదావరి రేవులో పడవలో చోటు చాలకపోతే ముందొచ్చినవాడు ఎక్కుతాడు. పెళ్లి భోజనాల్లో విస్తళ్లు చాలకపోతే పెద్దవాళ్లు ముందు కూర్చుంటారు. ఉత్సవంలో దేవుడి పల్లకీ మోసే భుజాలు ఎక్కువై బొంగు పొట్టిదైతే పాట పెట్టి, ఎక్కువ పాడినవాడి భుజానికి ఎత్తుతారు. కన్యాకుమారి నుంచి కాశీ దాకా కాళ్లరిగేలా తిరిగినవాడిని అడిగినా ఈ మూడు పద్ధతులే చెబుతాడు. నాలుగోది చెప్పిన మనిషి భిలాయిలో టెలిఫోన్ ఎక్స్చేంజి ఆపరేటరు కనకరత్నం. చెప్పి ఊరుకోలేదు, అందులో తనే ఇరుక్కుంది.

ఆమె పుట్టింది రాయగడ రైల్వే క్వార్టర్సులో. తండ్రి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, తల్లి మిషను ఆసుపత్రిలో ఆయా. ఓనమాలకన్నా ముందు ఆ పిల్లకి రైళ్ల వేళలు వచ్చాయి. గూడ్సు బండిని పక్క లైనులో నిలబెట్టి మెయిలుని ముందు పంపడం చూసి, గూడ్సుకి కోపం రాదా అని తండ్రిని అడిగిందట. "దాని వంతు దానికుంది తల్లీ, పోదు" అన్నాడాయన. ఈ మాట ఆమె ఎప్పటికీ మర్చిపోలేదు.

పెళ్లయ్యాక భర్త తాతబ్బాయి వెంట భిలాయి వచ్చింది. అతనిది ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్సులో ఫిట్టరు పని. అప్పటికి ఊరు సగం ఇనుము, సగం దుమ్ము. ముందు క్యాంపులో రేకుల గది, తరవాత సెక్టారులో క్వార్టరు. మెట్రిక్ ప్యాసైంది, ఇంగ్లీషు వచ్చు, హిందీ వచ్చు, గొంతు కంచుగంట. ప్లాంటు ఎక్స్చేంజిలో ఉద్యోగం ఇచ్చారు. ఊళ్లో సగం మంది రహస్యాలు ఆమె చెవిలోంచి నడిచేవి. ఒక్కటి కూడా నోట్లోంచి బయటికి రాలేదు. ఆమెకి నిండా షిఫ్టులున్న రోజుల్లో తాతబ్బాయే వండేవాడు. చారు బాగా పెట్టేవాడు.

అరవై నాలుగులో కొందరు ఉత్సాహవంతులు సెక్టారు బడిలో సాయంకాలం క్లాసులు పెట్టారు. ప్లాంటు ఉద్యోగులకి వ్యాపార నిర్వహణ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సు. మొదటి సగం అందరికీ ఒకటే. రెండో సగంలో నాలుగు సబ్జెక్టులు పెట్టి, రెండు ఎంచుకోమన్నారు. గొడవంతా ఇక్కడే.

అందరికీ కావలసింది కార్మిక సంబంధాలు. అది చెప్పే భుజంగరావు గారు రాయపూరులో వకీలు. చార్జిషీటు గురించి చెప్పినా అందులో ఒక అత్తా, ఒక కోడలూ ప్రవేశించి నవ్వించేవారు. చప్రాసీ కూడా గంట కొట్టడం మర్చిపోయి కిటికీ దగ్గర నిలబడేవాడు. ఆ గదిలో ముప్పై మందే పడతారు. ఎవరికీ అక్కర్లేనిది స్టోర్సు. సామాను ఏ అరలో పెట్టాలి, ఎంత మిగిలితే మళ్లీ తెప్పించాలి, ఇదీ సంగతి. అది ఆదివారం పొద్దున్న ఆరింటికి. చెప్పేది క్లాసుల సెక్రటరీ రామమోహనరావు గారు. మంచి మనిషి, గొంతు మాత్రం జోలపాట.

కనకరత్నానికి భుజంగరావు గారి హాస్యంతో పని లేదు. ఎక్స్చేంజి సూపర్‌వైజరు రిటైరవబోతున్నాడు. కార్మిక సంబంధాలు చదివినవాళ్లకే ఆ పోస్టు అని నోటీసు బోర్డులో అంటించారు. ఆ చదువు లేకపోతే బయటినుంచి ఎవరో వచ్చి కూర్చుంటారు. ఆ కుర్చీ ఆమెదేనని తోటివాళ్లు అనుకునేవారు. ఆమె అనుకునే దశ కూడా దాటి, అందులో కూర్చుంటే ఫ్యాను గాలి ఎటువైపు తగులుతుందో చూసుకుంది.

మొదటి ఏడు పద్ధతి, ముందొచ్చినవాళ్లకి ముందు. పేర్లు రాయించుకునే రోజు ఆమెకి పొద్దుటి డ్యూటీ. క్యాంపు రోజుల్లో కొళాయి దగ్గర మనిషికి బదులు ఇటుక పెట్టేవారు. బొగ్గుతో గుర్తు గీసిన ఇటుకని ఎవరూ కదపకూడదు, అది మనిషితో సమానం. పక్క క్వార్టరు నూకాలమ్మ ఆ కట్టుబాటుని నమ్మి, ముందు రోజు సాయంత్రమే బడి గుమ్మంలో కనకరత్నం పేరున ఒక ఇటుక పెట్టి వచ్చింది. డ్యూటీ దిగి కనకరత్నం పరుగున వెళ్లేసరికి సీట్లు అయిపోయాయి.

"ఇటుకేది పిన్నీ?"

"నానెట్టీసినానే అమ్మీ. సీకటి పడేదాకా ఉంది. తెల్లారీసరికి గోడైపోనాది."

నిజమే. బడి పక్కన సైకిల్ స్టాండు కడుతున్న తాపీవాళ్లు పొద్దున్నే కనబడిన ఇటుకల్ని ఏరుకుపోయారు. ఊరే కడుతున్న ఊళ్లో ఇటుకని ఎవరు నమ్ముకోమన్నారు?

రెండో ఏడు పద్ధతి మార్చారు. సర్వీసు ఎక్కువున్నవాళ్లకి ముందు. ఫోర్‌మన్లంతా ఎక్కేశారు, రైలు పట్టాల మిల్లు జగ్గయ్యతో సహా. దీపావళికల్లా సగం మంది మానేశారు, జగ్గయ్యతో సహా. ఖాళీ కుర్చీలున్నా కొత్తవాళ్లని కూర్చోనివ్వలేదు, రూలు లేదన్నారు.

మూడో ఏడు రామమోహనరావు గారు తలకాయ పట్టుకు కూర్చుని ఒక ఉపాయం తీశారు. మనిషికి వంద పాయింట్లు. నాలుగు సబ్జెక్టుల మీద ఎలా కావాలంటే అలా పంచుకుని చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలి. ఎక్కువ పెట్టినవాడికి సీటు. దేవుడి పల్లకీ పాటే ఇది కూడా, డబ్బుకి బదులు పాయింట్లు.

కనకరత్నానికి ఈ పద్ధతి చూడగానే తన స్విచ్‌బోర్డు కనబడింది. పై ఊళ్లకి చేసే ట్రంకు కాల్ మూడు రకాలు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగ్. పండగ ముందు రోజు అందరూ అర్జెంటే బుక్ చేస్తారు. అందరూ అర్జెంటైతే అర్జెంటు లేనట్టే. తేలిగ్గా వెళ్లేది లైట్నింగ్ ఒక్కటే, దాని ఖరీదుకి జడిసి ఎవరూ అడగరు. ఇక్కడా అంతే, జనం అరవై ఇటూ నలభై అటూ వేసి తెలివి అనుకుంటారు. తను మాత్రం వందా భుజంగరావు గారి మీదే పెట్టేస్తుంది. రెండో సబ్జెక్టు మిగిలిన స్టోర్సే అవుతుంది. కానియ్యి, ఆదివారం నిద్ర పోతే పోయింది, గుడిలో ప్రార్థన ఎనిమిదింటికి కదా.

అంతా బాగానే ఉంది. ఊరందరి రహస్యాలు దాచిన ఈ మనిషి తన రహస్యాన్ని మాత్రం కొళాయి దగ్గర బిందె నిండేలోపు నూకాలమ్మకి చెప్పేసింది. నూకాలమ్మ చెడ్డది కాదు. మన అమ్మి ఎంత తెలివైందో నలుగురికీ తెలియాలనుకుంది. తెలిసింది. పెట్టె తెరిచేసరికి వందకి వందా పెట్టినవాళ్లు ముప్పై నాలుగు మంది తేలారు.

బడి హాల్లో మీటింగు పెట్టారు. చీట్లు తీద్దామన్నారు రామమోహనరావు గారు. సర్వీసు చూద్దామన్నాడు జగ్గయ్య.

"సర్వీసుతో కిందటేడు కూర్చున్నావు కదా భయ్యా," అంది కనకరత్నం. "దీపావళి టపాసులు కాల్చడానికి వెళ్లి మరి తిరిగిరాలేదు."

హాలంతా నవ్వింది. జగ్గయ్య కూడా నవ్వేశాడు. "అయితే నువ్వు సెప్పు దీదీ. నీ దగ్గరేటుంది?"

"నా దగ్గరున్నది ఎక్స్చేంజి రూలు. ట్రంకు కాల్ తగిలినప్పుడు బుక్ చేసిన పార్టీ లైన్లో ఉండాలి. లేకపోతే కాల్ రద్దు చెయ్యం, వరసలో ఆఖరికి వేస్తాం. సెక్రటరీ గారూ, ఈ ముప్పై నాలుగు మందికీ రెండో సబ్జెక్టు మీ స్టోర్సే కదండీ? భుజంగరావు గారు కోర్టు పనుల మీద ఉన్నారు, వచ్చే నెలగ్గానీ రారు. ఈలోగా మీ క్లాసు నాలుగు ఆదివారాలు జరుగుతుంది. హాజరు పిలిచినప్పుడు బెంచీ మీద లేనివాళ్లు వరసలో వెనక్కి వెళ్తారు. నాలుగో ఆదివారం ముందున్న ముప్పై మందికీ సీటు."

రామమోహనరావు గారి మొహం వికసించింది. ఆయన క్లాసుకి ముప్పై నాలుగు మంది రావడం అన్నది కలలో కూడా జరగని సంగతి.

"మరి నువ్వే లైన్లో లేకపోతే?" అన్నాడు జగ్గయ్య.

"నేనూ వెనక్కే. రూలుకి చుట్టరికం ఉండదు."

మొదటి ఆదివారం అందరూ వచ్చారు, సగం మంది కూర్చునే నిద్రపోయారు. రెండో ఆదివారం పక్క ఊరు ఉతైలో సంతకని వెళ్లిన ఇద్దరు ఎగ్గొట్టారు. మూడో ఆదివారం మరో ఇద్దరు. తప్పినవాళ్లు, ఎలాగూ సీటు పోయింది, ఇంకా ఈ బోల్టుల కథ వినడమెందుకని మళ్లీ ఆ ఛాయలకి రాలేదు. లెక్క సరిగ్గా ముప్పై మందికి వచ్చి ఆగింది. ఇంకొక్క ఆదివారం గడిస్తే చాలు.

ఆ ఆదివారం వాన. కనకరత్నం రాత్రి డ్యూటీ దిగి నేరుగా క్లాసుకి వెళ్లాలి. తన బదులు కూర్చోవలసిన ఛాయ అనే అమ్మాయి ఊరి చివర రుఆబాంధా నుంచి సైకిల్ మీద రావాలి. రాలేదు. బోర్డు మీద దీపాలు వెలుగుతున్నాయి. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి అంబులెన్సుకి. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి వెళ్లిపోవచ్చు, ఎవరూ చూడరు. కనకరత్నానికి ఆ ఆలోచన రాలేదనడం అబద్ధం. వచ్చింది. కానీ ఏ కుర్చీ కోసం ఈ పాట్లన్నీ పడుతోందో ఆ కుర్చీలో కూర్చునే మనిషి బోర్డు వదలదు. వదిలితే ఆ కుర్చీ ఎందుకు? కాల్ మీద కాల్ కలుపుతూ కూర్చుంది.

ఛాయ తడిసి ముద్దయి వచ్చింది. "గొలుసు తెగిపోయింది దీదీ. నడిపించుకుని వచ్చాను."

"తల తుడుచుకుని కూర్చో," అని కనకరత్నం వానలోకి సైకిల్ తోసింది.

బడి చేరేసరికి రామమోహనరావు గారు హాజరు ముగించి, బోర్డు మీద అరల బొమ్మ గీస్తున్నారు. ఆఖరి బెంచీ మీద, ఆమె చోటులో, ఒక ఇటుక ఉంది. దాని పక్కన కొంగు నెత్తిన కప్పుకుని నూకాలమ్మ కాపలా కూర్చుంది.

"ఈపాలి నాను కదల్లేదే అమ్మీ. నీ పేరు పిలిస్తే ఉందని సెప్పినాను. ఈ బాబు ఇటుక పలకదంటన్నాడు."

"ఇటుక హాజరు చెల్లదని చెప్పానమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ.

జగ్గయ్య ముందు బెంచీలోంచి తిరిగాడు. మూడు వారాలుగా తప్పకుండా వస్తున్నాడు. "ఏటి దీదీ, పార్టీ లైన్లో లేదే."

"లేను భయ్యా. అందుకే ముందు చోటు అడగటం లేదు." కొంగు పిండుకుని నిలబడింది. "సెక్రటరీ గారూ, నన్ను వరసలో వెనక్కి వెయ్యండి. తప్పిన నలుగురి తరవాత, ఆఖరికి."

ఆయన సుద్దముక్క పట్టుకుని ఆలోచనలో పడ్డారు. "వాళ్లు నీకన్నా ముందుంటారు కదమ్మా."

"ఉంటే ముందే. కాల్ తగిలింది, పిలవండి."

ఆయన నలుగురి పేర్లూ ఒక్కొక్కటే పిలిచారు. ఎవరూ పలకలేదు. పలకని నలుగురూ రూలు ప్రకారం మళ్లీ ఆమె వెనక్కి వెళ్లారు. వెనక్కి వెళ్లడం అంటే వెళ్లిపోవడం కాదని, వరసలో తోక కూడా వరసేనని ఆ మీటింగులో ఆమె స్పష్టంగానే చెప్పింది. విన్నవాళ్లకి గుర్తులేదు, అంతే. బెంచీల మీద ఇరవై తొమ్మిది మంది. రామమోహనరావు గారు కళ్లజోడు సర్దుకుని అయిదో పేరు పిలిచారు.

"కనకరత్నం."

"లైన్లో ఉన్నానండీ."

జగ్గయ్యే ముందు చప్పట్లు కొట్టాడు. నూకాలమ్మకి ఇదంతా సగమే అర్థమైంది. సీటు వచ్చిందని తెలిశాక, అది ఇటుక మహిమేనని తీర్మానించుకుంది. తరవాత చాలా ఏళ్లు కొళాయి దగ్గర అలాగే చెప్పింది. కనకరత్నం ఎప్పుడూ కాదనలేదు.

మరుసటి ఏడు సూపర్‌వైజరు కుర్చీ ఆమెకి వచ్చింది. ఫ్యాను గాలి అనుకున్నట్టే ఎడమవైపు నుంచి తగిలేది. సాయంకాలం క్లాసుల్లో వంద పాయింట్లూ ఉండిపోయాయి, హాజరు రూలూ ఉండిపోయింది, స్టోర్సు క్లాసు మాత్రం ఆ నాలుగు వారాల్లో తప్ప మళ్లీ ఎప్పుడూ నిండలేదు. భుజంగరావు గారి గదిలో ఆఖరి బెంచీకి ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగేది. మొదటి రోజునే కనకరత్నం నూకాలమ్మ ఇటుకని ఆ కాలి కింద పెట్టి, ఊగడం ఆగిందో లేదో రెండుసార్లు నొక్కి చూసుకుని, పుస్తకం తెరిచింది.