మా ఇంటికి అంటించని బొట్టు

నా చిన్నప్పుడు అంటే మరీ ఏనాటి మాటో కాదు, ఢిల్లీలో మెట్రో కొత్తగా తిరుగుతున్న రోజులు. మేము ఘాజియాబాద్‌లో ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్లం. ఆ వేసవిలో కుళాయి నీళ్లు మురుగు వాసన కొట్టాయి. ఇంటింటా పిల్లలకు పచ్చకామెర్లు. ఎన్ని అర్జీలు పెట్టినా నీళ్ల ఆఫీసులో పట్టించుకున్న పాపాన పోలేదు.

పక్కింటి ఆంటీ గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సు. "ఏడిస్తే వినరు. మనమే కనుక్కుని చూపిద్దాం," అని పాత క్యాలెండర్ వెనక మా గల్లీ అంతా గీసింది. ఆడవాళ్లూ పిల్లలూ తలా కొన్ని ఇళ్లు పంచుకున్నారు. ఎవరింట్లో కామెర్లుంటే ఆ ఇంటి బొమ్మ మీద ఒక బొట్టుబిళ్ల అంటించాలి. ఆంటీ చర్చికి వెళ్లే మనిషి, బొట్టు పెట్టుకోదు. అందుకని అమ్మ బొట్టుబిళ్లల అట్ట నేనే పట్టుకెళ్లాను, పెద్ద ఆఫీసరులా.

మా వరస నాకే ఇచ్చారు. అందరి తలుపులూ తట్టాను, మా ఇంటిది తప్ప. మా తమ్ముడి కళ్లు అప్పటికే పచ్చబడ్డాయి. అమ్మ నేలఉసిరి నూరి పోస్తోంది. మందు సంగతి బయటపెడితే దాని గుణం పోతుందని ఆమె నమ్మకం. "నోరు జారావో, చూడు! ఇంటి గుట్టు లంకకు చేటు," అంది. ఆంటీ అడిగితే "అన్ని ఇళ్లూ అడిగాను ఆంటీ" అనేశాను.

ఆ కాగితం పట్టుకుని అందరం ఆఫీసుకు వెళ్లాం. ఇంజనీరు బొట్లన్నీ చూసి మా ఇంటి మీద వేలు పెట్టాడు. "పైపుదే తప్పయితే నడుమ ఈ ఇల్లెలా తప్పించుకుంది, దీదీ? మీకే శుభ్రం లేదు," అని హిందీలో కసిరాడు. ఆంటీ కాగితం మడిచి పట్టుకుంది. జవాబు నా దగ్గర ఉంది. అయినా అమ్మ మాటకు భయపడి ఆంటీ వెనక నక్కాను.

వారం తిరక్కుండా తమ్ముడికి స్పృహ తప్పింది. ఆంటీయే ఒళ్లో వేసుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆలస్యమైపోయిందన్నారు. వాడికి ఐదేళ్లు. గల్లీ పిల్లల్ని చూసి నన్ను అక్కా అనకుండా 'దీదీ' అని పిలిచేవాడు.

కర్మలన్నీ అయ్యాక ఆంటీ ఆ కాగితం తెచ్చి నా ముందు పరిచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "గోడకవతలే ఉన్నా, నర్సుని. పిల్లాడు ఆటకి రావట్లేదేంటా అని ఒక్కసారి తొంగి చూళ్లేదు. నీ ఒక్కదాని తప్పే కాదు తల్లీ," అని నన్ను దగ్గరకు తీసుకుంది. అమ్మే లోపల్నుంచి బొట్ల అట్ట తెచ్చి ఇచ్చింది. నేను అంటించాను.

ఈసారి అమ్మ కూడా ఆఫీసుకు వచ్చింది. కొత్త బొట్టు చూసి "ఇదెవరికి?" అన్నాడు ఇంజనీరు. "మా బాబుకి" అంది అమ్మ. ఆయన కాగితం అందుకుని మా అర్జీ మీద సంతకం పెట్టాడు. నెలలోపే పైపు మార్చారు. నీళ్లు తేటగా వచ్చిన రోజు గల్లీ అంతా మిఠాయిలు పంచుకుంది. అమ్మ కుళాయి కింద చెయ్యి పెట్టి ఏడ్చింది.

ఇప్పుడు నేనూ బస్తీల్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఇలాగే గల్లీలు గీయిస్తుంటాను. ముందు మీ ఇంటి తలుపు తట్టండని అందరికీ చెబుతాను. ఆ రోజు నేను ఆ ఒక్క తలుపూ తట్టి ఉంటే, వాడే వచ్చి తీసేవాడు.