ఎనిమిది రోజులు నవ్వొద్దన్నారు

మా అత్త సంతోషాలన్నీ కలిపి కట్టినా ఒక కొంగుముడిలో పట్టేవి. చిటికెడు ముక్కుపొడి. పెనం మీంచి దించిన జొన్న రొట్టెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఊదుకుంటూ, మొదటి తునక తుంచుకోవడం. మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించినాక గడప మీద కూర్చుని ఆకు వక్క నమలడం. అన్నిటికంటే ముందు నవ్వడం. ఆమె నవ్వు ఎత్తుకుందంటే మా ఇంటి నుంచి రాళ్ళు చెక్కే కొట్టం దాకా వినిపించేది. ఆళ్ళగడ్డలో అన్ని ఉలుల చప్పుడును దాటుకుని ఒక మనిషి నవ్వు వినబడాలంటే మాటలు కాదు. కొట్టంలో కూలికి పని చేసే మా మామ సుత్తి ఆపి, "మా ఇంట్లో యాదో జరిగింది" అనేవాడట.

ఆ కొట్టంలోనే ఆమె ఎడమ కన్ను పోయింది. మామకు సద్ది తీసుకుపోయిన రోజు రాతి పెచ్చు ఎగిరొచ్చి తగిలింది. నేను కాపురానికి రాకముందు మాట. నాకు తెలిసినప్పటి నుంచి మా అత్తకు ఒకటే కన్ను. ఆ ఒక్క కంటితోనే ఇల్లంతా నడిపింది.

దానికీ పొర కమ్మడం మొదలైంది. ముందు బియ్యంలో రాళ్ళు ఏరడం నాకు వదిలేసింది. తర్వాత గడప తట్టుకుంది. ఒకరోజు పాలనుకుని మజ్జిగ పొయ్యి మీద పెట్టి, అది విరిగితే, "ఈ పాలోడు నీళ్ళు పోసేది సాలక ఏమేమో కలుపుతాండాడు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమెకు పాలూ మజ్జిగా తేడా తెలియడం లేదని ఆ రోజు తెలిసింది.

డెబ్భైలు ముగియవచ్చిన కాలం. ఏ సంవత్సరమో సరిగ్గా చెప్పలేను కానీ, మా రెండోవాడు పాకుతున్న ఏడు. దసరా సెలవుల్లో నంద్యాలలో ఒక బడిలో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి నేను తోడుపోయాను. తరగతి గదిలో బల్లలు తీసేసి పన్నెండు మంచాలు వేశారు. నల్లబల్ల మీద సెలవులకు ముందు రాసిన లెక్క ఇంకా చెరపలేదు. రోగుల తాలూకు వాళ్ళం బయట గోడవారగా మూడు రాళ్ళు పెట్టుకుని వండుకునేవాళ్ళం.

ఆపరేషన్ అయినాక డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. కర్నూలు నుంచి వచ్చిన మనిషి, చిన్న వయసే.

"ఈమెకున్నది ఒక్క కన్నే కదా. కుట్లు వెంట్రుకంత సన్నంగా ఉంటాయి. ఎనిమిది రోజులు తల కదపకూడదు. దగ్గకూడదు, తుమ్మకూడదు, గట్టిది నమలకూడదు. నవ్వకూడదు."

"నవ్వు గూడానా డాక్టరమ్మా?"

"నవ్వు కూడా. కడుపు ఊగే నవ్వు అసలే వద్దు. కుట్టు తెగితే ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ లేదు."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. లోపలికి పోయి మొదట ఆమె కొంగుముడి విప్పి ముక్కుపొడి డబ్బా తీసి దాచాను. ఆకు వక్క సంచి, చూడ్డానికి వచ్చిన మా పక్కింటామెతో ఊరికి పంపేశాను. రొట్టె బదులు గంజి. తలకు రెండు పక్కలా ఇసుక సంచులు. రెండు కళ్ళ మీదా కట్టు. పదేళ్ళుగా ఆమె దేనితో మురిసిపోయేదో అదంతా నేనే లాగేసుకుంటున్నట్టు ఉండేది. ఆమె సంతోషపడుతుందేమోనని భయపడుతూ కూర్చోవడం నా బతుకులో ఆ ఎనిమిది రోజులే.

దానికి తోడు పక్క మంచం టీచరమ్మ ఒకతె. నంద్యాలలో ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పే ముసలామె. ఆమెకూ కట్టే. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే వీళ్ళిద్దరూ వదినా మరదళ్ళయినారు.

"ఏం వదినా, పడుకున్యావా?" అనేది మా అత్త.

"పడుకునే ఉండా గదా, నాలుగు దినాల నుంచి."

మా అత్త పెదవి చివర వంగేది. అంతే, "అత్తా, వద్దత్తా" అని చేయి ఆమె కడుపు మీద పెట్టేదాన్ని.

టీచరమ్మ పాపం మంచి మనసుతోనే సాయానికి వచ్చేది. గట్టిగా ప్రార్థన ఎత్తుకునేది. "ప్రభువా, నా పక్క మంచం వదినెకు నవ్వు రానియ్యకు తండ్రీ. ఆమె కడుపు ఊగకుండా నీవే గట్టిగా పట్టుకో తండ్రీ."

దుప్పటి కింద మా అత్త కడుపు ఊగడం మొదలయ్యేది.

"టీచరమ్మా, నీకు దండం పెడతా, నోట్లోనే చేసుకో ప్రార్థన" అని నేను బతిమాలుకున్నాను. దేవుడికి చెప్పుకునే మనిషిని ఆపినందుకు మళ్ళీ అదొక భయం.

మూడో రోజో నాలుగో రోజో, పొద్దు పోక నేనే అడిగాను. "కట్టు ఇప్పినాక ఏం జూస్తావత్తా?"

మనవళ్ళ పేరు చెబుతుందనుకున్నాను, దేవుడి పేరైనా చెబుతుందనుకున్నాను.

"సూదిలో దారం ఎక్కిస్తా. ఎవురినీ పిలవకుండా."

"ఇంకా?"

"పాలు పొంగేది సూస్తా. సప్పుడు ఇని దించడం గాదు మే, సూసి దించల్ల. నురగ అంచు దాకా వచ్చి, ఇంగ పడతాది అనంగా."

"ఇంకా?"

"రొట్టె యాడ మాడిందో సూసుకుని ఆ తావు నేను తింటా. నువ్వు మాడింది నాకు పెట్టకుండా దాస్తాండావు. నాకు అదే ఇష్టం."

నేను లేచి వరండాలోకి పోయాను. ఆమె అడిగినవి ఎంత చిన్నవో, అవి నిలబడింది ఒక వెంట్రుకంత దారం మీద. ఆ దారానికి కాపలా నేను.

అయిదో రోజు పొద్దున కంట్లో ఏదో పొడుస్తోందని చెప్పింది. సూదితో కాదు, ముల్లుతో పొడిచినట్టు అంది. కాంపౌండరును పిలిస్తే, "ఐదో రోజు అట్లనే ఉంటాదమ్మా, సాయంత్రం డాక్టరమ్మ వస్తాది" అని పోయాడు. సాయంత్రం దాకా ఎట్లా ఉండేది? అప్పుడే ఆళ్ళగడ్డ బస్సుకు మా చిన్నత్త దిగింది. మా అత్తకు చెల్లెలు. చంకలో రొట్టెల మూట, నోట్లో ఊరి మాటలు. అక్కను చూడగానే నిలబడిపోయింది.

"ఇది దిష్టే. క్యాంపుకు పోతాంది, క్యాంపుకు పోతాంది అని ఊరంతా బస్సు కాడికొచ్చి సూడ్లా? ఇంగేం జెయ్యల్లో నీకు తెల్దా?"

నాకు తెలుసు. మా వంట సంచిలో వట్టిమిరపకాయలు ఉన్నాయి, రాళ్ళ ఉప్పు ఉంది. మంచం పక్క నిలబడి పిడికిలి మూసి అత్త తల చుట్టూ మూడుసార్లు తిప్పాను.

టీచరమ్మకు గాజుల చప్పుడు వినిపించినట్టుంది. "ఏందమ్మా అది? అట్లాంటివి నమ్మొద్దు. నేను ప్రార్థన చేస్తాండా గదా."

"నువ్వు జేసేది నువ్వు జెయ్యి, మేం జేసేది మేం జేస్తాం. యాది ముందు పోతే అది పోతాది పైకి" అంది చిన్నత్త.

బయటికి పోయి పొయ్యిలో వేశాను. మా పొయ్యి రోగుల గది కిటికీ కిందనే ఉంది. ఇప్పుడు చెబితే ఇంత తెలివిలేని పని ఎట్లా చేసినావు అంటారు. మా ఇళ్ళలో లెక్క వేరే. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు. వస్తే దిష్టి లేనట్టు. ఆమెకు దిష్టి తగిలిందని నాకు ఎంత గట్టి నమ్మకమంటే, ఘాటు వస్తుందన్న ఆలోచనే రాలేదు. రానే రాదని తెలిసినదానిలాగా నిలబడి చూస్తున్నాను.

వచ్చింది. ముందు నా ముక్కుకు, తర్వాత గొంతుకు. గాలి కూడా ఆ వేళకే కిటికీ వైపు తిరిగింది.

కిటికీ పక్క మంచంలో ఒక దగ్గు. దాని వెనక ఇంకొకటి. నేను కుండెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో గుమ్మరించాను. పొగ ఇంకా లేచింది. కాంపౌండరు అరుస్తూ కిటికీలు మూస్తున్నాడు. నేను లోపలికి ఎట్లా వచ్చానో తెలియదు. మా అత్త కొంగు మొత్తం నోట్లో కుక్కుకుని, మెడ నరాలు తేలి, రెండు చేతులతో మంచం పట్టీలు పట్టుకుని ఉంది. నేను ఆమె తలను రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాను. ఒక దగ్గును మింగింది. రెండోది మింగింది. మూడోది ఆగలేదు. ఆ దగ్గు నా అరచేతుల్లో తగిలింది. ఇన్నేళ్ళయినా అది ఎట్లా తగిలిందో నాకు తెలుసు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. పన్నెండు మందినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. తక్కినవాళ్ళకు ఏమీ కాలేదని చెప్పింది. మా మంచం దగ్గర ఆగింది.

"ఎవరు చేశారీ పని?"

చిన్నత్త నల్లబల్ల మీద లెక్క చదువుతున్నట్టు అటు తిరిగింది. నేను నోరు తెరిచాను.

"నేనే ఏయించినా తల్లీ" అంది మా అత్త. "ఇది వద్దనే అన్యాది. పెద్దదాన్ని, మాట తీసెయ్యలేక ఏసింది."

"కంటి రోగులున్న గదిలో మిరపకాయల పొగ పెడతారా? పెద్దదానివి, నీకు ఉండొద్దా?"

మా అత్త ఆ తిట్లన్నీ పడింది. డాక్టరమ్మ కట్టు కొంచెం ఎత్తి టార్చి వేసి చూసింది. "ఎర్రబడింది. కుట్టు సంగతి ఇప్పుడు చెప్పలేను. ఎనిమిదో రోజు చూద్దాం" అంది.

తర్వాతి మూడు రోజులు ఆమె నవ్వలేదు. నేను కోరుకున్నది అదే కదా. కానీ అట్లా కదలకుండా, మాట్లాడకుండా పడుకుని ఉంటే, పెదవి చివర ఎప్పుడు వంగుతుందా అని నేనే చూస్తూ కూర్చున్నాను. వంగితే భయం, వంగకపోతే ఇంకా భయం. చిన్నత్త తెచ్చిన రొట్టెలు మూటలోనే ఎండిపోయాయి.

"అత్తా, నా మీద కోపం లేదా?" అని అడిగాను.

"కోపమొస్తే కడుపు ఊగుతాది. వద్దన్యారు గదా."

ఇంకో రోజైతే ఇద్దరం నవ్వేవాళ్ళం. టీచరమ్మ చేయి చాచి నా చేయి వెతికి పట్టుకుంది. "ఈసారి నోట్లోనే చేస్తాలేమ్మా" అంది. నేను కూడా ఆమెతో పాటు కళ్ళు మూసుకున్నాను. ఎవరికి మొక్కుతున్నానో అప్పుడు అడగలేదు.

ఎనిమిదో రోజు టీచరమ్మకు ముందు విప్పారు. ఆమె మూడు వేళ్ళు చూసి మూడు అని చెప్పి, దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. తర్వాత మా అత్త. కట్టు విప్పి, దూది తడిపి, రెప్పలు తుడిచారు. ఆమె కన్ను తెరిచింది.

"కనిపిస్తోందా?"

"తెల్లగుండాది తల్లీ. అంతా తెల్లగుండాది."

మంచం కోడు పట్టుకున్నాను. డాక్టరమ్మ మాత్రం కంగారు పడలేదు. పెట్టెలోంచి మందమైన గుండ్రటి అద్దం ఒకటి తీసి ఆ కంటికి దగ్గరగా పట్టింది. రెండో చేతి వేళ్ళు ఎత్తింది.

"ఇప్పుడు చెప్పమ్మా. ఎన్ని?"

మా అత్త మెడ ముందుకు చాపింది.

"ఎన్ని వేళ్ళమ్మా?"

"ఏళ్ళ సంగతి ఉండనీ తల్లీ" అంది మా అత్త. "గోరింటాకు సగానికి సగం పోయిండాది. మళ్ళా పెట్టుకునేకి తీరికే దొరకలేదా నీకు?"

డాక్టరమ్మ తన గోళ్ళు తాను చూసుకుంది. "కుట్టు నిలిచింది" అంది నాతో. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

అద్దం వెనక్కి తీసుకోబోతే మా అత్త ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇంకొంచేపుండు తల్లీ." పక్కన ఇంకా పది మంది ఎదురుచూస్తున్నారు. అయినా డాక్టరమ్మ ఉండింది. మా అత్త నల్లబల్లను చూసింది, వాకిలిని చూసింది, నన్ను చూసింది. "తలైనా దువ్వుకోలేదు సూడు ఇది" అంది. అద్దం పోయింది, ఆమెకు మళ్ళీ అంతా తెలుపైంది. కళ్ళద్దాలు నెలన్నర తర్వాత ఇస్తామన్నారు. అప్పటిదాకా తల మీద దెబ్బ తగలకూడదు, బరువు ఎత్తకూడదు.

బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, గుంత వచ్చినప్పుడల్లా ఆమె తల వెనక చేయి పెట్టాను. నంద్యాల దాటేసరికి మొదలుపెట్టింది.

"యాడుండాం?"

"కాలవ దాటినాం."

"బయట ఏముండాదో జెప్పు. ఆ అద్దం ఇచ్చేదాకా నువ్వే జెప్పల్ల."

చెప్పాను. వరి చేలు, పత్తి చేలు, పత్తికి పచ్చగా పూలు. ఎవరో కట్టెలమోపు దించి కూర్చుని ఉన్నారు. శిరివెళ్ల దగ్గర బస్సు ఆగింది, రోడ్డుకు అడ్డంగా ఎనుములు.

"ఎన్నుండాయి?"

"నాలుగు."

"సరిగ్గా సూసి జెప్పు మే. నీకు రెండు కండ్లుండాయి."

మళ్ళీ చూశాను. అయిదు. ఒక దూడ తల్లి కడుపు కింద దూరి ఉంది.