తోడేలు నవల, మల్లయ్య తాత దొడ్డి

పొద్దుగూకింది, నా సిగ్గు మాత్రం పోలేదు. పోయిన వారం మా పక్కింటి మల్లయ్య తాత మేకపిల్లలు రెండింటిని తోడేలు ఎత్తుకుపోయింది. మొన్న భద్రాచలం బస్టాండులో అట్ట మీద తోడేలు బొమ్మ ఉన్న నవల కనబడితే కొన్నాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసినా, చదవడం వచ్చన్న గర్వం నాకు పోలేదు. ఒక్క పేజీ తిప్పకుండానే, "తోడేళ్ల సంగతి మొత్తం దీంట్ల ఉంటది తాతా" అని చెప్పేశాను.

ఈ మధ్యాహ్నం తాత పని ఆపుకుని మరీ మేకల దొడ్డి దగ్గర కూర్చున్నాడు. నేను పైకి చదివాను. అందులో తోడేలుగా మారే కుర్రాడు కాలేజీకి పోతాడు. ఇరవై పేజీలు ఒక అమ్మాయి జుట్టే చూస్తాడు.

"గిదేం తోడేలురా? దీనికి ఆకలి గాదా?" అన్నాడు తాత.

"ప్రేమల పడ్డది తాతా."

"అట్లనా! నా మేకలను తిన్నదానికి గూడ ఓ పిల్లను జూడు" అని గొడ్డలి తీసుకుని, దొడ్డి చుట్టూ వేసే ముళ్లకంప కొట్టడానికి ఒక్కడే వెళ్లాడు.

నేను వెంట వెళ్లాలి కదా? వెళ్లలేదు. ఆ అమ్మాయి ఒప్పుకుంటుందో లేదో చూద్దామని అక్కడే కూర్చుని చదివాను. చివరికి అది రెండో భాగంలో చెప్తారట!

తల ఎత్తేసరికి తాత కంప ఈడ్చుకుంటూ వస్తున్నాడు. చేతుల నిండా ముళ్ల గీతలు.

"ఒప్పుకున్నదారా ఆ పిల్ల?" అని అడిగాడు.

మీరైతే ఏం చెప్పేవాళ్లు?