ఖుతుబుద్దీన్ మేస్త్రి చెవి

సిద్దిపేట పాత బస్టాండు వెనక మోటారు షెడ్డు నడిపే ఖుతుబుద్దీన్ మేస్త్రికి దేవుడు వినయం పెట్టడం మరిచిపోయాడు. ఆ లోటును చెవిలో పూడ్చాడు. రోడ్డు మీద జీపు పోతుంటే తల కూడా ఎత్తకుండా, "ఎనుక చక్రం బేరింగు పోయింది, వానికి చెప్పున్రి పోయి" అనేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది. నిజం కానప్పుడు బండిదే తప్పని తేల్చేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

షెడ్డులో యంత్రాలంటూ పెద్దగా ఏమీ లేవు. పానాలు, జాకీ, ఒక పొడవాటి స్క్రూడ్రైవరు. దాని మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. బండి గలాయన ఆ సమయంలో దగ్గితే తిట్లు తినేవాడు. కొండపాక నుంచి, ధూళిమిట్ట నుంచి ట్రాక్టర్ల వాళ్లు ఆ చెవిని నమ్మే వచ్చేవారు. ఆయన ఇల్లు నిలబడింది దాని మీదే.

కొడుకు అక్రమ్ దుబాయిలో పెద్ద గ్యారేజీలో పనిచేస్తున్నాడు. ఈ మధ్య అతను ఫోన్ చేస్తే మేస్త్రి రెండు మాటలు మాట్లాడి, "సిగ్నల్ లేదురా" అని ఫోను భార్య రబియాబీ చేతిలో పెట్టేవాడు. ఆమెకు సిగ్నల్ బాగానే ఉండేది.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న కాలం. బస్సులు డిపో దాటడం లేదు, బడులకు తాళాలు పడ్డాయి, ఊరంతా రోడ్డు మీదే ఉంది. బోర్ల కాంట్రాక్టరు రాజేంద్రప్రసాద్ ఆ మధ్యనే హైదరాబాదులో ఒక సెకండ్‌హ్యాండు కారు కొన్నాడు. దానికి కాలి కింద క్లచ్చే ఉండదు. లోపల మాత్రం రెండు క్లచ్చులుంటాయి, గేర్లు అవే మార్చుకుంటాయి. ఆ ముచ్చట ఊరందరికీ పేరంటం పిలిచినట్టు చెప్పాడు. తర్వాత దాని నెత్తిన రెండు మైకులు కట్టి ఊరేగింపుల ముందు పెట్టాడు. వెనక జనం నడుస్తుంటే కారు కూడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనిషి నడకే నడిచేది.

ఒక రోజు ఆ కారు షెడ్డుకొచ్చింది.

"ఖుతుబ్ భాయ్, మెల్లగ పోతుంటే కింద డుక్కుడుక్కుమంటుంది. ఆపి మళ్ల తోలుదామంటే పోవాల్నా వద్దా అని కొద్దిసేపు సోంచాయిస్తది. సోంచాయించి ఒక్కపారే దుంకుతది" అన్నాడు రాజేంద్రప్రసాద్.

మేస్త్రి కారు నిలబెట్టి ఇంజనుకు స్క్రూడ్రైవరు ఆనించాడు. ఏమీ లేదు. రాజేంద్రప్రసాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని బజారులో మెల్లగా నడిపాడు.

"గదే, గదే! ఇన్నవా?"

మేస్త్రి తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఏడున్నది? దినాం డప్పుల నడుమ తిరుగుతున్నవ్. మోత బండిల లేదు, నీ చెవులల్ల ఉన్నది."

"మరి దుంకుడు?"

"అది నీ కాలు. గీ తీరు బండి నీకింక అలవాటు కాలె. ఏం కాలేదు, తోలుకపో."

రాజేంద్రప్రసాద్‌కు తాను విన్నది తన చెవులతోనే. అయినా మేస్త్రి లేదన్నాక లేదనే అనుకున్నాడు. ఆ ఊళ్లో ఎవరైనా అంతే, సొంత చెవుల కంటే ఖుతుబుద్దీన్ చెవినే నమ్ముతారు. నిమ్మళంగా వెళ్లిపోయాడు.

ఆ మరునాడు కొండపాక స్టేజి దగ్గర రహదారి మీద వంటావార్పు. తారురోడ్డు మీదే రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, వండుకుని అక్కడే తినడం, రాకపోకలు ఆపడం. రబియాబీ బగారా అన్నం వండుతోంది. మేస్త్రి ఊరేగింపు వచ్చే దిక్కుకు వీపు పెట్టి నిలబడి, ఎసట్లో ఉప్పు తక్కువైందని తీర్పు చెబుతున్నాడు. డప్పులు మోగుతున్నాయి, పాట నడుస్తోంది, జనం ముందు రాజేంద్రప్రసాద్ కారు నత్తలా పాకుతూ వస్తోంది.

పొయ్యిలు చూసి అతను కారు ఆపాడు. ఎవరో పక్కకు పెట్టుకొమ్మన్నారు. మెల్లగా కాలు ఆనించాడు. కారు కదల్లేదు. ఇంకొంచెం ఆనించాడు. అప్పుడు ఒక్క దూకు దూకింది.

"మేస్త్రీ! జరుగు! జరుగు!"

జనమంతా ఒర్లారు. హారను మోగింది. డప్పులు ఆగిపోయాయి. ఖుతుబుద్దీన్ మాత్రం గరిట పట్టుకుని ఉప్పు గురించే మాట్లాడుతున్నాడు. రబియాబీ పొయ్యి పక్క నుంచి చెయ్యి చాపి అతని చొక్కా పట్టి గుంజింది. ఇద్దరూ రోడ్డు పక్కన పడ్డారు. కారు పొయ్యి రాళ్లను తన్ని, అన్నం వండుతున్న గంజును పడేసి ఆగింది. మేస్త్రి నిలబడ్డ జాగాలో అన్నం పొగలు కక్కుతూ పరుచుకుంది.

లేచి దుమ్ము దులుపుకుంటూ మేస్త్రి జనం మీద విరుచుకుపడ్డాడు. "ఇంతమంది ఉన్నరు, ఒక్కడన్న పిలువొద్దా? నోళ్లు పడిపోయినయా?"

డప్పుల మోతకు చెవులు మూసుకుపోయాయేమో అనుకున్నారందరూ. అరిచి అరిచి గొంతు పోయిన మనుషులు అతన్ని కళ్లప్పగించి చూస్తున్నారు. రాజేంద్రప్రసాద్ కారు దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రబియాబీ లేచి, భర్త గడ్డం పట్టి మొహం తన వైపు తిప్పుకుని, ఎవరికీ వినబడకుండా పెదవులతోనే అంది.

"అందరు ఒర్లిన్రు. నేను గూడ ఒర్లిన. నీకు ఇనవడలే."

మేస్త్రి చెవి తడుముకున్నాడు. "డప్పులు..." అన్నాడు.

"డప్పులు ఎప్పుడో ఆగినయ్, అక్రమ్ అబ్బాజాన్."

ఇంటికొచ్చాక మిగతాది చెప్పింది. ఏడాది నుంచీ తాను ఎదురుగా నిలబడితే తప్ప అతనితో మాట్లాడటం లేదని, అజాన్ పిలుపు వినబడక, పక్కింటి వాళ్లు మసీదుకు కదలడం చూసి లేస్తున్నాడని, ఫోను సిగ్నల్‌కు ఏ రోగమూ లేదని. మేస్త్రి నివ్వెరపోయి విన్నాడు. వినడం అంటే ఆమె పెదవులు చూడటమే అని అప్పుడే తెలిసింది. అది తెలిశాక ఆమె మొహం చూడటానికి భయమేసింది.

"ఎప్పుడెర్క నీకు?"

"నీకంటె ముందు."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు బతుకుతవా?"

ఆ రాత్రి ఇద్దరికీ అన్నం సయించలేదు. చెవిటి మేస్త్రి దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? ఇల్లు ఏమవుతుంది? మేస్త్రి అంతకుమించి ఆలోచించలేకపోయాడు.

తెల్లారి రబియాబీ బురఖా వేసుకుని షెడ్డుకొచ్చింది. రాజేంద్రప్రసాద్ నిన్న సాయంత్రమే కారును షెడ్డుకు చేర్చి వదిలి వెళ్లాడు. మేస్త్రి కారును గల్లీలో అడుగులో అడుగు వేయించాడు. పక్క సీట్లో ఆమె విన్నది విన్నట్టు చెప్పింది. "రోట్ల పసుపు దంచినట్టు. మెల్లగ పోతె అస్తుంది, జోరుగ పోతె అస్తలేదు." అక్రమ్‌కు ఫోన్ కలిపింది. దుబాయిలో అలాంటి బండ్లు విప్పే కొడుకు చెప్పిందంతా ఆగి ఆగి, భర్త కళ్లలోకి చూస్తూ అప్పజెప్పింది. రెండు క్లచ్చుల్లో మొదటిది ఒకటి, మూడు లాంటి బేసి గేర్లకు. రెండోది సరి గేర్లకు. మనిషి నడకలో పోతే మొదటిది పూర్తిగా పట్టదు, రోజంతా రాసుకుంటూనే ఉంటుంది. రాసుకుని రాసుకుని మాడిపోతుంది, అందుకే పట్టక పట్టక ఒక్కసారి పడుతుంది. ఇంజనుకు, గేరు పెట్టెకు నడుమనున్న ఫ్లైవీల్ వదులైంది, డుక్కుడుక్కు దానిదే.

మేస్త్రి బానెట్ ఎత్తి, పక్కన నిలబడి గేరు పెట్టె మీద అరచెయ్యి పెట్టి ఆమెను కారు కదపమన్నాడు. నడపడం రాదని ఆమె ఏడుపు మొహం పెట్టింది. కాలు బ్రేకు మీద నుంచి కొంచెం తియ్యి చాలు అన్నాడు. తీసింది. అరచేతిలో మోత తగిలింది. అంత పెద్ద మోత. మొన్న రాజేంద్రప్రసాద్ పక్కన కూర్చుని లేదన్నది దీన్నేనా అని అతను చెయ్యి తీసి, మళ్లీ పెట్టి చూశాడు.

"ఆయనకు చెప్పాలె. నీ మాట నమ్మే గదా తోలిండు. నీ జాగల ఇంకోడుంటె సచ్చేటోడు" అంది రబియాబీ.

"చెప్త. ఆయనొక్కనికే. చెవుల చెప్త."

మధ్యాహ్నం రాజేంద్రప్రసాద్ వచ్చాడు. ఎదురుగా చాయ్ హోటలు ముందు సమ్మె జనం నిండుగా ఉన్నారు. ధూళిమిట్ట నుంచి ట్రాక్టరు తెచ్చిన లింగమూర్తి కూడా ఉన్నాడు. మేస్త్రి రాజేంద్రప్రసాద్‌ను భుజం పట్టి షెడ్డు మూలకు తీసుకుపోయాడు. అటూ ఇటూ చూశాడు. అతని చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు వీలైనంత తగ్గించుకున్నాననుకుని అన్నాడు.

"రాజేంద్రన్నా, తప్పు బండిది. నీది గాదు. ఆ దినం నాకు ఇనవడలే. నాకు చెవులు పోయినయ్. గీ ముచ్చట ఎవ్వలకు చెప్పకు."

రాజేంద్రప్రసాద్ చెవి మూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. రోడ్డు అవతల చాయ్ గ్లాసులు గాల్లోనే ఆగాయి. లింగమూర్తి ట్రాక్టరు తాళం చెవి పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. పోతున్న సైకిలాయన కాలు కింద పెట్టాడు. అందరి మొహాలూ షెడ్డు వైపే తిరిగి ఉన్నాయి. ఎందుకు తిరిగాయో మేస్త్రికి అర్థం కాలేదు.

గడప దగ్గర నిలబడ్డ రబియాబీ వైపు చూశాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది. పెదవులు కనబడకపోతే ఆమె ఏమంటోందో తెలిసే దారి లేదు.

"నేను గట్టిగ అన్ననా?" అని అడిగాడు మెల్లగా. అదీ బజారంతటికీ వినబడింది.