హిదాయత్ గెలిచిన పరుగు

మా అత్తయ్య ఉర్కియాకు ఉజ్బెక్‌లంటే చిన్నచూపు లేదు. ఆ మాట ఆమే చెబుతుంది, రోజూ, ఎదురింటి ఉజ్బెక్ ఆవిడ హిదాయత్ కాల్చిన వేడి రొట్టె తుంచుకుంటూ. "మంచివాళ్ళే పాపం. కాకపోతే చుట్టాలకి కిస్మిస్ కూడా లెక్కపెట్టి పోస్తారు." మా కిర్గిజ్‌లు లెక్కపెట్టరు. ఉన్నదంతా పెట్టేసి, మర్నాడు పిండి కోసం ఎదురింటికి వెళతారు.

ఈ జ్ఞానం ఆమెకు తండ్రి ఇచ్చింది. ఆయన కొండమీద గుర్రాలు కాచేవాడు. ఉజ్బెక్‌ల్లా నాగలి పట్టినవాణ్ణి పూర్తి మనిషిగా ఒప్పుకునేవాడు కాదు. కానీ పందెంలో తన గుర్రం ఓడితే, గెలిచింది ఎవరిదైనా సరే, దాని కళ్ళెం పట్టుకుని తానే జనం ముందు నడిపించేవాడట. అత్తయ్య ఈ రెండు సంగతులూ ఒకే గర్వంతో చెబుతుంది.

నేను జీవశాస్త్రం చదివాను. అభిప్రాయాలు రక్తంలో రావు, ఇంట్లో మాటల్లోంచి వస్తాయి. నా భయమంతా అదే. మా పాప ఐచురోక్ రోజంతా నాయనమ్మ ఒళ్ళోనే ఉంటుంది.

"అత్తయ్యా, పాప ముందు ఆ మాటలు వద్దు."

"దానికింకా మాటలే రావు కదే!"

"మీకూ రానప్పుడే మీ నాన్నగారు మొదలుపెట్టి ఉంటారు."

అత్తయ్య నా గిన్నెలో టీ పోసింది. ఇక నోరు మూసుకోమని.

బిడ్డ నడక మొదలుపెడితే మావాళ్ళు రెండు కాళ్ళూ కలిపి నలుపు తెలుపు దారంతో కడతారు. ఆడవాళ్ళు పరుగుపందెం వేసుకుంటారు. గెలిచినామె దారం కోస్తుంది, బిడ్డకు ఆమె గుణాలు వస్తాయంటారు. మా పాప వంతు వచ్చేసరికి అత్తయ్య దాన్ని దేవుడికి వదిలెయ్యలేదు. తమ వంశం పిల్ల జుమాగుల్‌ని పిలిపించి, వారం రోజులు మాంసం పెట్టి మేపింది.

ఆ మేపడమే కొంప ముంచింది. జుమాగుల్ సగం దూరంలోనే డొక్క పట్టుకుని కూర్చుంది. రొట్టెలు ఇవ్వడానికి వచ్చి, అందరూ పరిగెడుతుంటే తానూ పరిగెత్తిన హిదాయత్, రబ్బరు చెప్పులు టపటపలాడిస్తూ ముందుగా పాప దగ్గరికి చేరింది.

హిదాయత్ ఆయాసపడుతూ, "నేనేదో సరదాకి... ఇంకెవరైనా కోయండమ్మా," అంది.

అత్తయ్య తమ్ముడు కల్మత్ అందుకున్నాడు. "అవునక్కా, మళ్ళీ పరిగెత్తిద్దాం. మన పిల్లకి ఉజ్బెక్ చెయ్యి ఎందుకు?"

నేను అత్తయ్య మొహం చూశాను. పాప కూడా అటే చూస్తోంది.

"ఎందుకా? గెలిచింది కాబట్టి!" అంది అత్తయ్య. "నాన్న బతికుంటే నీ చెవి మెలేసేవాడు. అంత పౌరుషం ఉంటే గౌను తొడుక్కుని నువ్వూ పరిగెత్తాల్సింది."

కత్తి తీసుకుని పిడివైపు హిదాయత్‌కి అందించింది. చేయి పట్టుకుని జనం మధ్యలోంచి నడిపించుకొచ్చింది.

"కోయవే. వంకరగా కోశావో, నీకూ నాకూ ఇక మాటల్లేవ్!"

"నీ మనవరాలిని కదలకుండా పట్టుకో ముందు!"

దారం తెగింది. కల్మత్ ఏదో గొణిగాడు. "పిల్ల వింటోంది. లోపల గొణుక్కో," అని అత్తయ్య వాడి నోట్లో రొట్టె ముక్క కుక్కింది.