అవ్వ చెలకలో సర్కారు తుమ్మ

రాష్ట్రం వచ్చిన కొత్తలో కొల్లాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో తిరిగేదాన్ని. రైతుల భూముల్లో కమ్ముకున్న సర్కారు తుమ్మను తీయించి, మునుపటి గరిక, తంగేడు మళ్లీ వచ్చేలా చూడటం నా పని. ఆ ముళ్లకు ఎన్ని చెప్పులు చిల్లులు పడ్డాయో. తుమ్మ పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లుమంటే.

అక్కడి ఒక అవ్వను మాత్రం మరిచిపోలేను. ఆమె చెలకలో మేక కూడా దూరలేనంత తుమ్మ. ఉన్న ఒక్క ఆవుకు మేత ఎక్కడినుంచో మోసుకురావాలి. మోసి మోసి విసిగిన కొడుకు, ఈ వానాకాలం మన చెలకలో గడ్డి మొలవకపోతే ఆవును అంగట్లో అమ్మేస్తానని తేల్చి చెప్పాడు. ఆ దుఃఖంలోనే అవ్వ నాకు కబురు పెట్టింది.

ఎండాకాలంలో జేసీబీ పెట్టి తుమ్మను వేళ్లతో సహా తీయించాం. ఎర్రటి నేల బయటపడితే అవ్వ వట్టి కాళ్లతో అటూ ఇటూ తిరిగి మురిసిపోయింది. ఆ సంబరంలో నాతో ఒక్క మాటైనా అనకుండా, తన తమ్ముడి గొర్రెల మందను రాత్రిళ్లు అక్కడ పడుకోబెట్టించింది. ఎరువు కోసం ఇక్కడ అందరూ చేసేదే. కానీ ఆ గొర్రెలు ఎండాకాలమంతా తిన్నది వాగు ఒడ్డున రాలిన తుమ్మకాయలు. వాటి గింజలు కడుపులో అరగవు, పెంటతో పాటు నేలలో పడతాయి.

తొలి వానకే చెలక నిండా తుమ్మ మొలకలు లేచాయి. నాకు కోపం నషాళానికంటింది. ఎరువు పేరు చెప్పి విత్తనం చల్లించావు కదా అవ్వా అని నోటికొచ్చినట్టు అరిచాను. అంతా విని ఆమె నా గడ్డం పట్టుకుంది.

"తిట్టుడు అయ్యిందా బిడ్డా? అయితె జర కూసో, పీకుదాం. తడి ఆరితె వేరు రాదు."

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె మీద నాకెంత ప్రేమో అప్పుడే తెలిసింది. వాన పడ్డప్పుడల్లా ఇద్దరం వంగి పీకాం. సందుల్లో గరిక సన్నగా లేచింది కానీ ఆవు నోటికి ఇంకా అందదు.

ఒక పొద్దున కొడుకు ఆవును అంగడికి తోలుకుపోతూ చెలక దగ్గర ఆగాడు. లోపల మొలకలు పీకుతున్న అవ్వ తలెత్తలేదు.

"తోల్కపో. గడ్డి పెరిగినంక మల్ల గీ ఆవునే తెచ్చిస్తవా?" అని మాత్రం అడిగింది.

 అతను ఆవును వేపచెట్టుకు కట్టేసి, లుంగీ ఎగ్గట్టి, తల్లి పక్కన కూర్చుని మొలకలు పీకడం మొదలుపెట్టాడు.