కదిలిందన్న ఫొటో

ఫొటోలో ముఖం మసకగా వస్తే తప్పు కూర్చున్న మనిషిదేనని మా మామ అందరికీ చెప్పేవాడు. "నువ్వు కదిలినావు" అంటే చాలు, ఎదుటివాళ్ళ నోరు మూతపడేది. ఊపిరి పీల్చినందుకూ రెప్ప వేసినందుకూ జనం తిరిగి ఆయన్నే బతిమాలుకునేవాళ్ళు. నేనూ బతిమాలుకున్నాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. హిందూపురంలో ఫొటో స్టూడియో పెట్టుకున్నాడు. మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలే కాబట్టి, నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే ఆయనకని అనేసుకున్నారు. యాభైల చివరికి నాకు ఇరవై నిండాయి. స్టూడియో కాస్త నిలదొక్కుకోనీ అంటూ మామ పెళ్ళిని వెనక్కి జరుపుకుంటూ పోయేవాడు. అమ్మ గొణిగేది. నాకు మాత్రం ఆయన మీద ఇంతైనా అనుమానం ఉండేది కాదు, అంత పిచ్చి నాకు.

ఆ పిచ్చి పట్టింది పెనుకొండలో. అమ్మ వాళ్ళ పెద్దమ్మ ఆ ఊళ్ళో ఉండేది, నేను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె మంచం పట్టింది. ఒక్క ఫొటో కూడా లేదని కొడుకులు మామను పిలిపించారు, చూసి రావడానికని అమ్మా నేనూ కూడా వెళ్ళాం. అవ్వ పడుకున్నది రాతి మిద్దెలో లోపలి గదిలో. పైన గవాక్షిలోంచి దిగే వెలుతురే వెలుతురు. మంచాన్ని వాకిట్లోకి మోస్తామంటే అవ్వ తిట్లు లంకించుకుంది. "ఈడనే తీస్తా, ఉండనీండి" అన్నాడు మామ, మూడు కాళ్ళ కెమెరా విప్పుతూ.

నన్ను పక్కకు పిలిచి పని చెప్పాడు. "వెలుతురు తక్కువైతే లెన్సు పూర్తిగా తెరవాల మే. తెరిస్తే ఒక్క చోటే తేటగా పడతాది. దానికి జానెడు ముందుండేదీ మసకే, జానెడు ఎనకుండేదీ మసకే. మనిషికి కండ్లు తేటగా పడాల. కండ్లు పడితే మిగతాది ఎట్లున్నా ఎవురూ అడగరు."

కానీ ఆ చీకట్లో కెమెరా వెనకున్న గరుకు అద్దం మీద కళ్ళు కనపడితే కదా. అందుకు ఆయన దగ్గర ఒక ఉపాయం ఉండేది. అవ్వ పెళ్ళినాటి చీర పెట్టెలోంచి తీయించి, దాని జరీ అంచును అవ్వ కంటి పక్కనే, చెంపకు ఆనించి పట్టుకోమన్నాడు. పట్టుకున్నది నేనే. కన్ను కనపడకపోయినా జరీ మెరుస్తుంది. నల్లగుడ్డ కప్పుకుని, ఆ మెరుపు పోగు పోగుగా విడిపోయి కనపడేదాకా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపాడు. తర్వాత చీర తీసేయించాడు. అవ్వ తల గోడకు ఆనించి, ఊపిరి వదిలేసి, మళ్ళీ పీల్చకుండా ఉండమన్నాడు. లెన్సు మూత తీశాడు, కాసేపాగి మూశాడు.

ఆ ఫొటోలో అవ్వ రెప్పవెంట్రుకలు కూడా కనపడ్డాయి. కళ్ళల్లో ఇంకా కొంచెం కోపం ఉంది. ఇంత చీకట్లోంచి ఒక మనిషిని ఇంత తేటగా బయటికి తీసుకొచ్చినవాడికి నన్ను ఇస్తున్నారని నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ మరుసటి ఏడు మా నాయన కొత్త అంచు ఒకటి కట్టాడు. మామిడిపిందెలు, హంసలు నేసి నేసి విసుగెత్తిందేమో, చెనక్కాయ చెట్టును, అదే వేరుశెనగను, అంచులోకి తెచ్చాడు. చిన్న ఆకులు, కింద ఊడలు, ఊడల చివర జంట కాయలు. అమ్మ మొదట నవ్వింది. "చీర కట్టుకుంటారా, ఉడకబెట్టుకోని తింటారా?" అంది. మొదటి చీర మగ్గం దిగాక నవ్వడం మానేసింది. పెళ్ళిళ్ళ కాలానికి నాలుగు చీరలు సిద్ధం చేసి ఒక్కసారిగా బయటపెట్టాలని నాయన పట్టుదల. అంతవరకూ వ్యాపారులు ఎవరైనా వస్తే మగ్గం మీద దుప్పటి కప్పేసేవాడు. కొత్త అంచు ముందు ఎవరి అంగట్లో కనపడితే అది వాళ్ళదేనని బజారు లెక్క.

మామ వచ్చినప్పుడు దుప్పటి కప్పలేదు. ఇంటి అల్లుడికి దాచేదేముంది?

ఆయన ఆ చీరను చేత్తో తడిమి చాలాసేపు చూశాడు. "బావా, దీన్ని మీ పాపకు కట్టించు. మగ్గం కాడ కూచోబెట్టి ఒక ఫొటో తీస్తా. స్టూడియోలో కాదు, ఈడనే" అన్నాడు.

నాయన కొంచెం తటపటాయించాడు. "బయట ఎవురికీ చూపీవు గదప్పా?"

"నా పెండ్లాం ఫొటో నేను ఊరందరికీ చూపిచ్చుకుంటానా బావా?"

పెండ్లాం అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను నేల మీద లేను. గబగబా చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చాను. మగ్గం గుంత గట్టు మీద కూర్చోబెట్టి, నేసిన బట్ట చుట్టే కర్ర మీద మోచేతులు ఆనించమన్నాడు. పైట అంచును రెండు చేతులతో ముందుకు చాపి పట్టుకోమన్నాడు. ఆ గదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ చిన్నది.

"మామా, అంచు చెంప కాడ పెట్టుకోవాల్నా?" అని అడిగాను, పెనుకొండ పాఠం అప్పజెబుతున్నట్టు.

"నీకు అయ్యన్నీ యాల? నీ ముఖం నాకు కండ్లు మూసుకున్నా కనపడతాది" అన్నాడు.

ఊపిరి వదిలేసి బిగబట్టాను. కంట్లో నీళ్ళు తిరుగుతున్నా రెప్ప వేయలేదు. ఆయన కోసం బండరాయినై కూర్చున్నాను.

కొన్నాళ్ళకు వచ్చి, ఫొటో చెడిపోయిందన్నాడు. "నువ్వు కదిలినావు మే. ఆ ఫొటో ప్లేటు పారేసినా." నాకు ఏడుపొచ్చింది. ఈసారి కదలను మామా, మళ్ళా ఒకసారి తీయి అని అమ్మ ముందే బతిమాలాను. నవ్వి నా తల తట్టి వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన స్టూడియోకి మద్రాసు నుంచి కొత్త లెన్సు వచ్చిందని తెలిసింది. దీపం వెలుతురులో కూడా ఫొటో తీయొచ్చట. ఎన్నేళ్ళ నుంచో దానికోసం కలవరించేవాడు. ఇక మా పెళ్ళికి అడ్డం లేదని నేను లోలోపల సంబరపడ్డాను.

పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. నాయన నాలుగు చీరలూ మూట గట్టుకుని బజారుకు వెళ్ళి, వెళ్ళినంత బరువుతోనే తిరిగొచ్చాడు. ఎప్పుడూ ఆయన చీరలు కొనే షావుకారు ఒక్క మడత తీసి చూసి, "ఇది హిందూపురం అంచు గదప్పా, నెల దినాల నుంచి వస్తాండాది. నువ్వు యాడ చూసి ఎత్తుకొచ్చినావు?" అన్నాడట. ముప్పై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషిని పట్టుకుని దొంగ అన్నారు. ఆ రోజు నాయన అన్నం ముట్టలేదు.

మర్నాడు హిందూపురానికి బయలుదేరాడు. ఒంటరిగా పంపడానికి భయమేసి అమ్మ నన్ను తోడు పంపింది. ఆ చీరలు అమ్ముతున్న అంగడి వెతికి పట్టుకోవడం కష్టం కాలేదు, ముందువైపే వేలాడదీసి ఉన్నాయి. యజమాని మర్యాదగానే మాట్లాడాడు. "స్టూడియో ఆయన ఫొటో తెచ్చి చూపిచ్చినాడు. బాగుండాదని ఆయనకు దుడ్లిచ్చి తీసుకోని నేపిచ్చినాం. మీదని నాకేం తెలుసప్పా?" అంటూ వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ అంచులు గీసే మనిషి భూతద్దం పెట్టుకుని గళ్ళ కాగితం మీద ఇంకో అంచు గీస్తున్నాడు. ఎదురుగా గోడకు గుచ్చి ఉంది, పలకంత ఫొటో.

నాయన అంచును గుర్తుపట్టాడు. నేను చేతులను గుర్తుపట్టాను.

అంచు ఎంత తేటగా ఉందంటే పోగులు లెక్కపెట్టుకోవచ్చు. ఆకు ఈనెలు, ఊడలు, కాయ మీద గుంటలు, దాన్ని పట్టుకున్న నా వేళ్ళ గోళ్ళు, అన్నీ ఉన్నాయి. దానిపైన నా ముఖం ఉండాల్సిన చోట, తడి చేత్తో తుడిచిన పలకలాగా ఏదో తెల్లగా ఉంది. కళ్ళు లేవు. నేను ఆ ఫొటో గోడ మీంచి పీకేశాను. ఎవరూ వద్దనలేదు.

నాయన స్టూడియో మెట్లు ఎక్కలేదు, వీధిలోనే నిలబడిపోయాడు. నేనే లోపలికి వెళ్ళి, కొత్త లెన్సు తుడుచుకుంటున్న మామ ముందు ఆ ఫొటో పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"నువ్వు కదిలినావు గదా మే, అందుకే నీకు చూపీలేదు."

"అంచు కదల్లేదే మామా. నా చేతుల్లో ఉండే అంచు కదలకుండా నేనెట్ల కదుల్తా?"

ఆయన లెన్సు పక్కన పెట్టాడు. ఆ డబ్బుతో కొన్న లెన్సు తనకోసమా, రేపు ఈ స్టూడియో నీది కాదా, అని మొదలుపెట్టాడు. నేను వినలేదు. నాయనకు చేసింది పెద్ద ద్రోహమని నాకు తెలుసు. కానీ ఆ నిమిషాన నన్ను కోసింది అది కాదు. నల్లగుడ్డ కింద తల పెట్టి, నా ముఖాన్ని చూసి, దాన్ని దాటి అంచు దగ్గరికి లెన్సు జరుపుకున్నాడే, అది.

పెళ్ళి మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. అమ్మ తన తమ్ముడి పేరు మా ఇంట్లో పలకడం మానేసింది. నాయన ఆ అంచు విప్పేసి మళ్ళీ హంసలు నేశాడు. తర్వాత నాకు వేరే చోట పెళ్ళయింది, బాగానే బతికాను.

ఆ ఫొటో నా దగ్గరే ఉంది. ఇరవై ఏళ్ళప్పుడు నేనెలా ఉండేదాన్నో పిల్లలకు చూపించడానికి అదొక్కటే ఉంది. ముఖం ఏదని అడుగుతారు. చేతులు చూడండి, నావే, ఎంత కదలకుండా ఉన్నాయో చూడండి అంటాను.